వంతెన మీది చప్పట్లు

సింగపూర్‌లో నా ఉద్యోగ జీవితమంతా ఇంకా పూర్తికాని భవనాల్లోనే గడిచింది. పూర్తయిన రోజున సైటు ఇంజనీరుకి అక్కడ పనుండదు. అద్దాలు తుడిచి, రిబ్బను కత్తిరించి, కేకు పంచుకునే వేళకి మేం ఇంకెక్కడో బురదలో ఉంటాం.

మొన్నామధ్య మా ఆవిడ చెల్లెలి కొడుకు సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి సైటు ఉద్యోగంలో చేరుతూ, "పెదనాన్నా, పని ఎలా ఉంటుంది?" అని ఫోన్ చేశాడు. చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. చివరికి వాడే మీటింగుందని పెట్టేశాడు. అందుకే వాడికీ, వాడిలాంటి పిల్లలకీ రాస్తున్నాను, కాగితానికి మీటింగులుండవు కదా. ప్రమోషన్ల సంగతీ, ఏ ఫైలు మీద ఎవరి సంతకం కావాలన్న సంగతీ రాయను. అవి చేరిన నెలలో మీకే తెలిసిపోతాయి. ఒక్క స్టేడియం గురించి రాస్తాను. ఈ పని అంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడే.

ఐటీ రోజుల్లో సిమెంటు

అవి వై టూ కే అని లోకమంతా హడావిడి పడుతున్న రోజులు. మన వైపు నుంచి విమానం దిగిన ప్రతి కుర్రాడూ తిన్నగా కంప్యూటర్ కంపెనీలుండే సైన్స్ పార్కుకే పోయేవాడు. యూ టీ అనే పేటలో మా ఫ్లాట్‌కి ఆదివారం భోజనానికి వచ్చే పిల్లలు అన్నంలో పప్పు కలుపుకుంటూ కంపెనీల గురించి మాట్లాడుకునేవాళ్ళు. పోయిన వారం ఉన్న కంపెనీ పేరు ఈ వారం వినిపించేది కాదు. నేను కాంక్రీటు అని నోరెత్తితే చాలు, "మీరూ ఒక కోర్సు చేసెయ్యండి అంకుల్" అని సలహా ఇచ్చేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మీ కంప్యూటర్లు పెట్టుకున్న గది ఎవడు కట్టాడ్రా అని ఒకసారి అనేశాను కూడా. మా ఆవిడ గరిటె పట్టుకుని కళ్ళురిమింది. తర్వాత వాడికే ఇంకో అప్పడం ఎక్కువ వేసింది.

అలాంటప్పుడు మా కంపెనీకి ఒక కాలేజీ స్టేడియం పని వచ్చింది. పాతది పడగొట్టి అక్కడే కొత్తది కట్టాలి. కూర్చునే మెట్లు, వాటి మీద పెద్ద ఇనుప కప్పు, ఎదురుగా మైదానం. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు అంతదాకా ఎవరివో మైదానాలు అడుక్కుని ఆడుకోవాలి. నాకు మాత్రం అది ఇంత ఇనుము, ఇంత కాంక్రీటు, ఇంత గడువు, అంతే. దాన్ని చూడ్డానికి జనం వస్తారని కలలో కూడా అనుకోలేదు.

టిష్యూ పొట్లాలు

సైటు ముందు రోడ్డు, ఆ రోడ్డు మీద జనం దాటే వంతెన. పునాదులు తవ్వుతున్నప్పుడే ఒక ముసలాయన సాయంత్రాలు ఆ వంతెన మీద మడత కుర్చీ వేసుకుని కూర్చోవడం చూశాను. తల పండిన మలయ్ మనిషి. ఒకప్పుడు ఆ కాలేజీ జట్టుకి ఆట నేర్పిన మాస్టారు. అందరూ ఆయన్ని చిక్‌గు అనేవాళ్ళు. మలయ్ భాషలో మాస్టారు అన్నమాట. ఎండైనా వానైనా ఆయన రావడం మానలేదు.

తర్వాత ఆయన పక్కన విద్యార్థులు చేరారు. తర్వాత టైలు జేబులో దోపుకుని సైన్స్ పార్కు ఉద్యోగులు దిగారు. వీళ్ళంతా పాత విద్యార్థులు, ఆ జట్టుకి వీరాభిమానులు. తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో నూడుల్స్ పొట్లం కట్టించుకుని వంతెన మీద నిలబడి తింటూ మా గోతుల్ని చూసేవాళ్ళు. మాకు స్తంభాలు లేచే వేళకి వంతెన పిట్టగోడ మీద టిష్యూ పొట్లాలు వెలిశాయి. ఈ ఊళ్ళో టేబుల్ మీద టిష్యూ పొట్లం పెట్టారంటే ఆ చోటు చోప్ అయిపోయినట్టే, ఇక ఎవరూ కూర్చోరు. అన్నం తినే చోటుకి ఆ మర్యాద చూశాను గానీ, సిమెంటు పోస్తుంటే చూడ్డానికి చోటు చోప్ చేసుకోవడం అక్కడే చూశాను. నిజం చెప్తున్నాను, నోరు తెరుచుకుని అలా నిలబడిపోయాను.

మా పెద్ద క్రేనుకి వాళ్ళు ఆంటీ అని పేరు పెట్టారు. ఎప్పుడూ చెయ్యి చాపి ఎవరినో ఒకర్ని అదిలిస్తున్నట్టే ఉంటుందట. ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టి రోజూ ఫోటోలు ఎక్కించేవాళ్ళు. ఈ సంగతి నాకు మా ఆవిడ చెప్పింది. సాయంత్రమైతే ఫోన్ లైను కంప్యూటర్‌కి తగిలించి కూర్చునేది. నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే, ఇవాళ తూర్పు వైపు రెండు స్తంభాలు పోశారటగా అనేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా సైటు గురించి ఆవిడ ఒక్క ప్రశ్న వేసిన పాపాన పోలేదు!

ఆ పేజీ నడిపేది కవిత అనే కరీంనగర్ అమ్మాయి. ఆ కాలేజీలోనే రీసెర్చి చేస్తోంది. ఒకరోజు గేటు దగ్గర పలకరించి, ఫుట్‌బాల్ అంటే అంత ఇష్టమా అన్నాను. ఆట సంగతి తనకి ఓనమాలు కూడా తెలియవంది. ల్యాబులో స్నేహితులు లాక్కొచ్చారట. మరి రోజూ ఎందుకొస్తావమ్మా అంటే చెప్పింది.

"ఇది లేస్తాంటే చూసుడే మస్తుంటది అంకుల్. కట్టుడు అయిపోయినంక అందరు చూస్తరు."

నేను కట్టిన వాటిలో ఒక్కదాన్నీ అది లేస్తుండగా ఊరికే నిలబడి చూడలేదని అప్పుడు తట్టింది. మనకి ఎప్పుడూ తప్పులే కనిపిస్తాయి, జీతం ఇచ్చేదీ వాటిని చూడమనే. ఆ సాయంత్రం పని అయ్యాక రోడ్డు దాటి అవతల నిలబడి చూశాను. బాగుంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా బాగుంది.

పసుపు తువ్వాలు

కప్పు పని మొదలయ్యాక వంతెన కిక్కిరిసింది. కప్పు అంటే బస్సు కంటే పొడవైన ఇనుప దూలాలు. నేల మీద జోడించి, ఒక్కొక్కదాన్నీ క్రేనుతో ఐదారంతస్తుల ఎత్తుకి లేపి స్తంభాల మీద కూర్చోబెట్టాలి. అక్కడ ముందే ఎక్కి ఉన్న రిగ్గర్లు దాన్ని అందుకుని, రంధ్రానికి రంధ్రం కలిపి బోల్టులు బిగిస్తారు. అంత బరువున్న ఇనుము గాల్లో మెల్లగా తిరుగుతూ వచ్చి, మనిషి అరచెయ్యి ఆనించి తోస్తే, పిల్లి అడుగు వేసినట్టు వచ్చి కూర్చుంటుంది.

మొదటి దూలం కూర్చోగానే వంతెన మీద చప్పట్లు మోగాయి. పైనున్న వాళ్ళు ఉలిక్కిపడి చుట్టూ చూశారు. తమకోసమని వాళ్ళకి తట్టలేదు. తట్టాక మాత్రం మనుషులే మారిపోయారు. వాళ్ళలో సగం మంది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళే, వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళు. లారీ వెనక కూర్చుని తెల్లారకముందే వచ్చి, చీకటి పడ్డాక మళ్ళీ అదే లారీలో పోయేవాళ్ళు. ఈ ఊళ్ళో వాళ్ళ వంక తేరిపార చూసినవాళ్ళు లేరు. అలాంటివాళ్ళకి చప్పట్లు! హెల్మెట్ కింద తలకి నూనె రాసుకుని దువ్వుకోవడం మొదలైంది. ఉతికిన చొక్కాలొచ్చాయి.

అందరిలోకీ చురుకైనవాడు సింహాచలం. టెక్కలి దగ్గర పల్లె. బక్కపలచటి మనిషి, ముప్పై దాటి ఉంటాయి, ఊళ్ళో పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. హెల్మెట్ కింద ఎప్పుడూ పసుపు తువ్వాలు చుట్టుకునేవాడు. పేరు తెలియక ఆ పేజీలో అతన్ని పసుపు తువ్వాలు అనే రాసేవాళ్ళట. నాలుగు రంధ్రాలు కలవకుండా మొరాయించే దూలం కూడా అతను చెయ్యి వేస్తే దారికొచ్చేది.

పని ఊపందుకుంది. ఒంట్లో బాగోలేదని గదిలో పడుకునేవాళ్ళు తగ్గారు. ఇదేదో బాగానే ఉందే అనుకున్నాం, నేనూ, మా ప్రాజెక్ట్ మేనేజరు లిమ్ కూడా.

రెండు చేతులు

ఇక్కడ ఒక్క విషయం సరిగ్గా వినండి. పైన దూలం పొడుగునా ఒక ఇనుప తాడు కడతాం. రిగ్గరు తన నడుము బెల్టుకున్న హుక్కుని ఆ తాడుకి తగిలించుకుని నడుస్తాడు. కాలు జారినా వేలాడతాడు గానీ పడడు. కానీ ఆ తాడుని మధ్యమధ్య చిన్న రాటలు పట్టుకుని ఉంటాయి. రాట దగ్గరికి రాగానే హుక్కు తీసి, రాటకి అవతల మళ్ళీ తగిలించుకోవాలి. అప్పట్లో మా బెల్టులకి ఉన్నది ఒక్కటే హుక్కు. తీసి తగిలించే ఆ కాస్త సేపూ మనిషి దేనికీ కట్టి ఉండడు. ఒక చేత్తో రాటని గట్టిగా పట్టుకోవాలి, అదే నియమం.

ఆ రోజు సింహాచలం మొండికేసిన దూలం ఒకదాన్ని చాలాసేపు కుస్తీపట్టి కూర్చోబెట్టాడు. పని ముగించి వెనక్కి వస్తూ రాట దగ్గర హుక్కు తీశాడు. సరిగ్గా అప్పుడే చప్పట్లు హోరెత్తాయి. అతను వంతెన వైపు తిరిగాడు. తిరిగి, రాట మీది చెయ్యి కూడా వదిలేసి, రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టాడు. హుక్కు ఆ రెండు అరచేతుల మధ్య ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వంగిన మనిషి కాలు జారింది. ఏమైందో తెలిసేలోగా గుర్రమెక్కినట్టు దూలానికి అటొక కాలు, ఇటొక కాలు వేసి కూలబడి, దాన్ని కావలించుకున్నాడు. పసుపు తువ్వాలు ఊడి గాల్లో తేలుకుంటూ కిందికొచ్చింది. వంతెన మీద అది విన్యాసమనుకున్నారు. ఈలలు వేశారు, ఇంకా గట్టిగా కొట్టారు.

కిందికి దిగాక చెడామడా తిట్టాను. నాకు ముక్కు మీద కోపమని సైటంతటికీ తెలుసు. అతను తల వంచుకుని విన్నాడు. నా తిట్లు అయిపోయాక మెల్లగా అన్నాడు.

"ఆ కుర్చీలో పెద్దాయన లెగిసి నిలబడి కొట్నారు సారూ. అంత పెద్దాయన లెగిస్తే ఒంటి సేత్తో దండం ఎలగెడతాను?"

మన ఇళ్ళల్లో పెరిగిన ఎవడైనా అదే చేస్తాడు. ఒంటి చేత్తో దండం పెడితే వీపు మీద చరిచి నేర్పిన మర్యాద అది. ఏ సేఫ్టీ క్లాసులోనూ, పైనుండగా దండం పెట్టకూడదని మేం చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తడుతుంది?

లిమ్

లిమ్ మంచివాడు. కొత్తగా చేరే పిల్లలు అరిచే బాసుని చూసి భయపడతారు గానీ, అరవని బాసుని చూసి భయపడాలి. లిమ్ గొంతు తగ్గిందంటే నిర్ణయం అయిపోయినట్టే. ఆ రోజు గుసగుసగా మాట్లాడాడు. అంతకుముందు ఇంకో సైటులో ఒక మనిషి పడిపోవడం కళ్ళారా చూశాడట. ఆ మాట నాతో మొదటిసారి, ఆఖరిసారి కూడా, అప్పుడే అన్నాడు.

తేల్చింది రెండు ముక్కల్లో. సింహాచలం పర్మిట్ రద్దుచేసి ఇంటికి పంపించేయడం. వంతెన వైపు సైటంతా నిలువెత్తు గుడ్డ కట్టి జనానికి కనపడకుండా చేయడం.

నేను బతిమాలాను. గుడ్డకి గాలి పట్టి క్రేను దగ్గర కొత్త ముప్పు వస్తుందన్నాను. అది నిజమే. సింహాచలాన్ని పంపితే మిగతా దూలాలకి అలాంటి చెయ్యి దొరకదన్నాను. అదీ నిజమే. అసలు నిజం మాత్రం నా కడుపులో ఉంది. సేఫ్టీ తప్పు మీద పంపేశారంటే ఈ ఊళ్ళో ఇంకే కంపెనీ అతన్ని తీసుకోదు. దండం పెట్టినందుకు ఒక మనిషి బతుకు తెరువు పోతుందా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

లిమ్ కిటికీలోంచి వంతెన వైపు చూపించాడు.

"ఒక్క అవకాశం. మనిషి పైనుండగా ఒక్క చప్పట వినిపించినా అతను విమానం ఎక్కుతాడు, గుడ్డ పైకెక్కుతుంది. వెళ్ళి వాళ్ళకి చెప్పుకో."

ఇంకొకటి కూడా చేశాడు, అది నేను అడగలేదు. వారం తిరక్కుండా అందరికీ రెండేసి హుక్కులున్న బెల్టులు తెప్పించాడు. ఒకటి తగిలించాకే రెండోది తియ్యాలి. పిల్లలూ, మాటలతో ప్రాణాలు కాపాడానని ఎవడైనా చెప్పుకుంటే నమ్మకండి. ముందు రెండో హుక్కు అడగండి.

వంతెన మీద

ఆ సాయంత్రమే వాళ్ళతో మాట్లాడ్డానికి వంతెన ఎక్కాను. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాను. నన్ను చూసి చప్పట్లు కొట్టారు, ఇంకేం చెప్పను! కవిత నన్ను చిక్‌గు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కూర్చోమని తన కుర్చీ ఇవ్వబోతే వద్దన్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇందాక మీరు చూసింది విన్యాసం కాదు, మనిషి పోబోయాడు అన్నాను. ఎందుకలా చేశాడో కూడా చెప్పాను. మా దేశంలో పెద్దవాళ్ళు లేచి నిలబడితే ఒంటి చేత్తో పలకరించం, మీరు లేచారని రెండు చేతులూ వదిలేశాడు అన్నాను.

నూడుల్స్ తింటున్న కుర్రాడు పొట్లం మూసేశాడు. చిక్‌గు ముఖం పాలిపోయింది. ఆయన్ని అంత బాధపెట్టానే అని నాకే మనసు చివుక్కుమంది.

"అతని పేరేమిటి?" అని అడిగాడు.

సింహాచలం అన్నాను. ఆయన ఆ పేరుని రెండుమూడు సార్లు తిప్పి తిప్పి పలికాడు. అక్కడున్న పిల్లలు కూడా నోట్లోనే పలికి చూసుకున్నారు. తర్వాత వాళ్ళ వైపు తిరిగి అన్నాడు.

"బంతి గోల్లో పడ్డాక కొట్టాలి చప్పట్లు. మనం బంతి గాల్లో ఉండగానే కొడుతున్నాం."

అంతే. కుర్చీ మడిచి చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇక రాడేమో అనుకున్నాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చాడు. దూలం లేచింది, కూర్చుంది. వంతెన మీద చీమ చిటుక్కుమనలేదు. కింద పని చేస్తున్న సింహాచలం, వంతెన మీదోళ్ళకి మనమీద కోపమొచ్చిందా సారూ అని అడిగాడు. కొన్ని దూలాల దాకా లిమ్ అతన్ని పైకెక్కనివ్వలేదు, నేల మీదే ఉంచాడు. కొత్త బెల్టుతో రాట దాటడం ఒకటికి పదిసార్లు చేయించాకే మళ్ళీ ఒప్పుకున్నాడు.

ఆఖరి దూలం

ఆఖరి దూలం ఆదివారం లేపాం. ఆ సంగతి ఇంటర్నెట్‌లో పాకి, వంతెన మీద చాలక రోడ్డుకి రెండు వైపులా జనం నిండిపోయారు. ఎక్కడెక్కడి పాత విద్యార్థులో పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చారు. మా ఆవిడ కూడా వచ్చింది, నాకు ఒక్క మాట చెప్పకుండా. చప్పట్లు కొట్టొద్దని ఇంతమందికి ఎవరు చెప్తారు? సగం మందికి చిక్‌గు ఎవరో కూడా తెలియదు. ఒక్కడు మరిచిపోయి చెయ్యి తట్టినా ఆ ఊపు ఆగదు. లిమ్ నా పక్కనే నిలబడ్డాడు. ముఖంలో ఏమీ లేదు. పైన సింహాచలం ఉన్నాడు.

అప్పుడు చూశాను. వంతెన మెట్ల దగ్గర, బస్టాపు దగ్గర, ప్రతి మలుపులోనూ విద్యార్థులు నిలబడి, వచ్చే ప్రతి మనిషి చెవిలోనూ ఏదో చెప్తున్నారు. విన్నవాళ్ళు తలూపి చేతులు వెనక్కి కట్టుకుంటున్నారు. కవిత ముసలమ్మలకి తమిళంలో చెప్తోంది, ఆ తమిళం ఎక్కడ నేర్చిందో!

క్రేను కదిలింది. దూలం నేల వదిలింది. అంత జనం, అంత నిశ్శబ్దం, నేను ఏ గుళ్ళోనూ చూడలేదు. క్రేను ఇంజను హోరు, పైనుంచి రిగ్గర్ల కేకలు, బోల్టులో స్పానరు తిరిగే కిరకిర, అన్నీ విడివిడిగా వినిపించాయి. దూలం కూర్చుంది. కప్పు పూర్తయింది. ఎండ ఆ ఇనుము మీద మెరిసింది. నేను కట్టినదే, అయినా చేతులు జోడించాలనిపించింది.

ఎవరూ చెయ్యి తట్టలేదు. బతికాం రా దేవుడా అనుకున్నాను. నేను వాళ్ళని అడిగింది అంతవరకే.

పైవాళ్ళు ఒక్కొక్కరే నిచ్చెన దిగడం మొదలుపెట్టారు. జనం కదల్లేదు. పని అయిపోయింది కదా, ఇంకా ఏం చూస్తున్నారో నాకు అర్థం కాలేదు. అందరి తర్వాత సింహాచలం. రాట రాటకీ ఒక హుక్కు తగిలించి, ఇంకోటి తీసి, నెమ్మదిగా వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. జనం కళ్ళన్నీ ఆ మనిషి కాళ్ళ మీదే ఉన్నాయి. ఒక్కో మెట్టూ దిగి, నేల మీద కాలు పెట్టాడు.

అప్పుడు కొట్టారు! వంతెన, రోడ్డు, బస్టాపు, కాలేజీ హాస్టలు వరండాలు, అన్నీ ఒక్కసారిగా. ఆ హోరుకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లిమ్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. చప్పట్లలోంచి అతని పేరు వినిపించింది, తలా ఒక తీరుగా పలుకుతున్నారు.

సింహాచలం బెదిరిపోయి తల పైకెత్తి కప్పు వంక చూశాడు. అక్కడ ఏదైనా జరిగిందేమోనని. ఏమీ లేదు. నా దగ్గరికి వచ్చాడు.

"పైన పనైపోనాది కద సారూ, మరిప్పుడు దేనికి కొడతన్నారు?"

"నువ్వు దిగావని" అన్నాను.

నేను ఎగతాళి చేస్తున్నానేమోనని నా ముఖం వంక చూశాడు.

"దిగినందుకా? రోజూ దిగుతానే ఉన్నాను కద సారూ" అన్నాడు.